గంట మోగితే నేను మంచి టీచర్ని

నాకు ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత మన చెప్పుచేతల్లో ఉండని ఇబ్బంది, ఉందని చెప్పినప్పుడు తెలిసినవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "మరి పాఠం ఎట్టా చెబుతారు మేడం?"

పాఠం బాగానే చెబుతాను. సోషల్ పీరియడ్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునే పిల్లలు మా బడిలో ఉన్నారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు ఎక్కించారా, దిద్దిన పేపర్ల కట్ట ఎక్కడ పెట్టారు, లెసన్ ప్లాన్ రాశారా, నిన్న గ్రూపులో వచ్చిన ప్రొఫార్మా నింపి పంపారా? ఇవి అడిగితే నీళ్లు నములుతాను.

నేను ఉండేది గుంటూరులో. పని చేసేది నరసరావుపేట వైపు ఒక జడ్పీ హైస్కూల్లో, సోషల్ స్కూల్ అసిస్టెంటుగా. నలభై దాటాక బ్రాడీపేటలో ఒక సైకియాట్రిస్టు దగ్గర సంగతి తేలింది. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు నా వాదన చెప్పేయాలి. నా సంగతి నాకు తెలుసు, ఆలస్యం చేస్తే దారి తప్పుతాను.

క్రమశిక్షణ మనిషి లోపలినుంచి రావాలని మన బడులు నమ్ముతాయి. పిల్లలకు అదే నేర్పుతాం, టీచర్లనూ దానితోనే కొలుస్తాం. నాలాంటివాళ్లకు అది లోపలినుంచి రాదు, బయటినుంచి రావాలి. గంట, గోడమీద టైంటేబుల్, ఎదురుగా నలభై మంది పిల్లలు. ఇవి ఉన్నచోట మేం అందరిలాగే పని చేస్తాం, ఒక్కోసారి అందరికంటే బాగా చేస్తాం. ఇవి లేనిచోట ఎంత మంచి బుద్ధి ఉన్నా పని జరగదు. అందుకని మా బుద్ధి మార్చడానికి పెట్టే శ్రమలో పదోవంతు ఆ ఏర్పాట్ల మీద పెట్టమంటాను.

ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత అసలే ఉండదని చాలామంది అనుకుంటారు. నచ్చిన విషయం దొరికితే నేను పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయి చదువుతాను. ఏకాగ్రత ఉంది, ఎటు పోవాలో నేను చెబితే అది వినదు, అంతే. చేయాల్సిన పని ఏమిటో తెలుసు, ఎందుకు చేయాలో తెలుసు, చేయకపోతే ఎవరిచేత మాట పడాలో కూడా తెలుసు. అయినా చేయి కదలదు. అమెరికన్ మనస్తత్వవేత్త రసెల్ బార్క్‌లీ దీన్ని వివరించే తీరు నాకు సరిగ్గా సరిపోయింది. తెలియక వచ్చే ఇబ్బంది కాదిది, తెలిసినదాన్ని చేయాల్సిన వేళకి చేయలేకపోవడం అంటాడాయన. కాలం అంచనా తప్పడం ఇందులో పెద్ద భాగం. గడువు వారం ఉందంటే నా బుర్రకు అసలు గడువు లేనట్టే. రేపు అంటే కొంచెం కదులుతుంది. ఇంకో పది నిమిషాలు అంటే పరిగెత్తుతుంది. అప్పటికప్పుడు గుర్తుంచుకోవాల్సినవీ అంతే: మెట్లెక్కుతుంటే హెచ్‌ఎం గారు మూడు పనులు చెబితే, పైకి చేరేసరికి ఒకటి మిగులుతుంది. ఆ మిగిలింది కూడా చాలాసార్లు ముఖ్యమైనది కాదు.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి కొందరు పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివికి లోటు లేదు, లోపమంతా నైతిక నిగ్రహంలో ఉందన్నాడు. వైద్యశాస్త్రం ఆ మాటను ఎప్పుడో దాటి వచ్చింది. మా స్టాఫ్ రూములు ఇంకా అక్కడే ఉన్నాయి. "బుర్ర ఉంది, బాధ్యత లేదు" అనే తీర్పు నేను చదువుకున్న బడిలో విన్నాను, పని చేసిన ప్రతి బడిలోనూ విన్నాను.

నా వాదనకు నేనే చూపించగల మొదటి సాక్ష్యం గంట. పీరియడ్ గంట మోగగానే నేను ఏ గదిలో ఉండాలో, ఎవరితో మాట్లాడాలో ఎవరో ముందే తేల్చేశారు. ఆలోచించక్కర్లేదు. తలుపు దాటగానే నలభై ముఖాలు నావైపు తిరుగుతాయి. ఎవరో ప్రశ్న అడుగుతారు, ఎవరో నవ్వుతారు, వెనక బెంచీలో ఎవరో పక్కవాణ్ణి గిల్లుతారు. ప్రతి నిమిషం కొత్తగా ఏదో జరుగుతుంది, దానికి నేను వెంటనే స్పందించాలి. నా బుర్రకు కావాల్సింది సరిగ్గా ఇదే. ముప్పావు గంట తర్వాత మళ్లీ గంట. నాకు తెలిసిన ఏ ఆఫీసు ఉద్యోగంలోనూ ఇంత గట్టి కట్టుబాటు లేదు. బ్యాంకు ఉద్యోగం వచ్చి ఉంటే ఈపాటికి ఎన్ని మెమోలు తీసుకునేదాన్నో.

రెండో సాక్ష్యం చెబితే మా సంఘం వాళ్లకు కోపం వస్తుంది. 2022 ఆగస్టులో ప్రభుత్వ బడుల్లో టీచర్ల హాజరు ఫోనులో ముఖం చూపించి వేసే పద్ధతి వచ్చింది. సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. సొంత ఫోను, సొంత డేటా, సిగ్నల్ సరిగా రాని ఊళ్లు: ఆ అభ్యంతరాల్లో న్యాయం ఉంది, నేను కూడా ధర్నాలో కూర్చున్నాను. కానీ లోలోపల హాయిగా అనిపించింది. అంతకుముందు "కొంచెం ముందు బయల్దేరాలి" అనేది నాతో నేను చేసుకునే ఒప్పందం. నాతో నేను చేసుకున్న ఒప్పందాలు ఎన్నడూ నిలవవు. ఇప్పుడు తొమ్మిది అంటే తొమ్మిదే. ఫలానా బస్సు తప్పితే ఏమవుతుందో వెంటనే తెలుస్తుంది కాబట్టి బస్సు తప్పదు.

మరి అన్నీ ఫోనులోకి వస్తే నాకు పండగే కదా అనుకోవచ్చు. అక్కడే ఉంది చిక్కు. హాజరుకు వేళ ఉంది. మిగతావాటికి లేదు. మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల ఫొటోలు, యూడైస్ అనే బడుల లెక్కల సమాచారం, మార్కులు, ఏదో ఒక సర్వే. గ్రూపులో వచ్చే ప్రతి మెసేజి నెత్తిన "మోస్ట్ అర్జెంట్" అని ఉంటుంది. అన్నీ అర్జెంటే అయితే ఏది ముందు చేయాలో తేల్చాల్సింది నేను. తేల్చడమే నాకు చేతకాని పని. మెసేజి చూస్తాను, క్లాసుకు వెళ్లొచ్చి చేద్దామనుకుంటాను, క్లాసులో అది తుడిచిపెట్టుకుపోతుంది. సాయంత్రానికి దానిమీద ఇంకో ముప్పై మెసేజిలు. పక్కనున్న లెక్కల మాస్టారికి కూడా ఇవి విసుగే. ఆయన విసుక్కుంటూ చేసేస్తాడు. నేను విసుక్కోకుండా మర్చిపోతాను. పై ఆఫీసుకు కనిపించేది నేను మర్చిపోయిందే, క్లాసులో నేను చెప్పింది కాదు.

ఇక్కడ ఒకరు నాకు గట్టి అడ్డుప్రశ్న వేశారు. బయటి కట్టుబాటే మందు అయితే మన కార్పొరేట్ స్కూళ్లు మీకు స్వర్గం కావాలి కదా, అని. ప్రశ్న బాగుంది, పైగా నాకు అనుభవం కూడా ఉంది. డీఎస్సీ రాకముందు విజయవాడలో ఒక కార్పొరేట్ స్కూలు బ్రాంచిలో పని చేశాను. మైక్రో షెడ్యూల్ అని ఉండేది, ఏ రోజు ఏ పేజీ చెప్పాలో ముందే అచ్చేసి ఇచ్చేవాళ్లు. తోటి టీచర్లు దాన్ని తిట్టుకునేవాళ్లు, నాకు మాత్రం నచ్చేది. ఆ ఉద్యోగం నేను వదిలేసింది దానివల్ల కాదు. వారాంతపు పరీక్ష అయ్యాక సోమవారం మీటింగు ఉండేది. మార్కులు తగ్గిన సెక్షన్ టీచరును నిలబెట్టి అడిగేవాళ్లు. ఆదివారం సాయంత్రం నుంచే నాకు కడుపులో తిప్పేది. భయం వల్ల నేను ఎక్కువ పని చేయలేదు, తక్కువ చేశాను. బుర్రంతా రాబోయే సోమవారమే ఉంటే ఈ రోజు పేజీ ఎక్కడ గుర్తుంటుంది? కాబట్టి వాళ్లకు నా జవాబు ఇది: గంట వేరు, కాపలా వేరు. గంట ఇప్పుడు చేయాల్సింది చెబుతుంది. కాపలా నిన్న చేయనిది ఎత్తిచూపుతుంది.

సరే, బ్రాడీపేట సంగతి. అంతకుముందు నన్ను థైరాయిడ్ పరీక్షకు పంపారు, రక్తం తక్కువేమో చూశారు, ఒకాయన టెన్షన్‌కి బిళ్లలు రాశాడు. అవి చూడటం తప్పేమీ కాదు, మతిమరుపుకు అవీ కారణాలు కావచ్చు. కానీ ఏడీహెచ్‌డీకి రక్త పరీక్ష లేదు, స్కానింగు లేదు. డాక్టరు కూర్చోబెట్టి చిన్నప్పటి నుంచి అడగాలి. మానసిక రుగ్మతలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన కొత్త కూర్పు ప్రకారం పిల్లల్లో అయితే తొమ్మిది లక్షణాల్లో ఆరు ఉండాలి, పదిహేడేళ్లు నిండినవాళ్లకు ఐదు చాలు. కానీ లక్షణాలు కొన్నైనా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకని మా డాక్టరు అమ్మను తీసుకురమ్మంది. అమ్మ వచ్చి, "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే రకమండీ ఇది, వాళ్ల నాన్నా అంతే" అని ఒక్క వాక్యంలో కేసు షీటు చెప్పేసింది.

నాన్న మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. నాన్నగారు కూడా మాస్టారే. ఆయనకు ఎవరూ పరీక్ష చేయలేదు, ఇప్పుడు నేను పేరు తగిలించడం భావ్యం కాదు. కానీ ఈ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 70 నుంచి 80 శాతం దాకా జన్యువులదేనని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి, అందుకని ఆయన గుర్తుకు రాకుండా ఉండడు. ఆయన గొడుగులు ఎన్ని బస్సుల్లో ఉండిపోయాయో లెక్కలేదు. పాఠం మొదలుపెడితే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరేవాళ్లు. ఊళ్లో ఆయనకు పేరేమిటంటే, మాస్టారు లోకం పట్టని మహానుభావుడు. ఆయన జేబులో బస్సు చార్జీ పెట్టింది అమ్మ. జీతం రోజు గుర్తుచేసింది అమ్మ. మార్కుల రిజిస్టరులో అంకెలు వేసింది కూడా చాలాసార్లు అమ్మే, లాంతరు దగ్గర కూర్చుని ఆయన చదువుతుంటే. అంటే నాన్నగారికి కావాల్సిన బయటి కట్టుబాటు ఇంట్లోనే ఉంది, దానికి ఎవరూ పేరు పెట్టలేదు, జీతం ఇవ్వలేదు.

నాకు అమ్మలాంటి భార్య లేదు. పైగా ఇంట్లో ఆ భార్య ఉద్యోగం కూడా నాదే. పాలవాడి లెక్క, పిల్లల ఫీజు గడువు, అత్తగారి బీపీ బిళ్లలు. నాన్నగారిని మహానుభావుణ్ణి చేసిన మతిమరుపే నా దగ్గరికొచ్చేసరికి ఇల్లు పట్టని గుణం అయింది. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. అల్లరి చేసే రకం కంటే కూర్చున్నచోటే కలల్లో ఉండే రకం వాళ్లలో ఎక్కువ, క్లాసుకు ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పెద్దయ్యాక ఇంటి పనీ ఉద్యోగమూ కలిసి నెత్తిన పడినప్పుడు బయటపడుతుంది. అప్పుడు టెన్షన్ బిళ్లలు ఇస్తారు. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. మా జిల్లాలో ఉన్న టీచరమ్మలందరిలో నేనొక్కదాన్నే అయ్యే అవకాశం లేదు.

ఈ మధ్య రీల్స్‌లో ఇంకో ధోరణి నడుస్తోంది. ఏడీహెచ్‌డీ జబ్బు కాదట, సూపర్ పవర్ అట. ముఖ్యంగా టీచర్లకు వరమట, అలాంటి పిల్లల్ని మనమైతేనే అర్థం చేసుకుంటామట. దీనితో నేను ఒప్పుకోను.

పదో తరగతిలో జల వనరుల పాఠం ఉంది. నాగార్జునసాగర్ లేకుండా మా పిల్లలకు ఆ పాఠం చెప్పడం కుదరదు, వాళ్ల మిరప చేలకు వచ్చేది కుడి కాలువ నీళ్లే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడని మొదలుపెడతాను. రెండు కాలువలు, కుడిదానికి జవహర్ పేరు, ఎడమదానికి లాల్ బహదూర్ పేరు. అంతవరకు పుస్తకమే. ఆనకట్ట వల్ల ఏం మునిగింది అని ఒకమ్మాయి అడుగుతుంది. నాగార్జునకొండ లోయ. అక్కడ ఏముండేది? ఇక్ష్వాకుల విజయపురి, దాన్ని ముందే తవ్వి దొరికినవి కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు ద్వీపం. అయితే మన అమరావతి స్తూపం రాళ్లు కూడా అక్కడే ఉన్నాయా టీచర్? లేదమ్మా, అవి కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో. లండన్‌కి ఎందుకు పోయాయి? ఇంకేముంది, గంట మోగేదాకా లండన్‌లోనే. పిల్లల కళ్లు మెరుస్తుంటాయి. ఇంతకంటే మంచి క్లాసు ఉండదని నాకే అనిపిస్తుంది.

కిటికీ పక్కన కూర్చునే ఒక అబ్బాయి నోట్సు చూస్తే, పైన పాఠం పేరు ఉంది, కింద "లండన్" అని ఉంది. అంతే. వాడికి ఏముందో నేను చెప్పను, నేను డాక్టర్ని కాను. కానీ వాడు నాలాంటివాడే. ఆనకట్ట దగ్గర ఒక్క క్షణం బయటికి చూశాడు, తిరిగి వచ్చేసరికి నేను సముద్రం దాటేశాను. పద్ధతిగా ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుపోయే లెక్కల మాస్టారి క్లాసులో వాడు మళ్లీ దారిలో పడగలడు, నా క్లాసులో పడలేడు. నాకు కావాల్సింది కొత్తదనం, వాడికి కావాల్సింది పద్ధతి. ఇద్దరికీ ఉన్నది ఒకటే అయినంత మాత్రాన ఇద్దరి అవసరం ఒకటి కాదు. అర్థం చేసుకోవడం వరకైతే నిజమే, వాడు పుస్తకం మర్చిపోతే నేను తిట్టను. కానీ తిట్టకపోవడంతో వాడికి పాఠం రాదు.

ఇప్పుడు నా బోర్డుకు ఎడమ పక్కన ఒక గీత ఉంటుంది. గీతకు అవతల ఆ రోజు చెప్పాల్సిన మూడు ప్రశ్నలు. పీరియడ్ అయ్యేదాకా చెరపను. ముందు బెంచీలో ఒక పాపకు అధికారం ఇచ్చాను, నేను లండన్ వైపు బయల్దేరితే "టీచర్, రెండో ప్రశ్న" అని చెప్పే అధికారం. ఆ పిల్ల దాన్ని మొహమాటం లేకుండా వాడుతోంది. లండన్ వెళ్లడం మానలేదు, తిరిగొచ్చే దారి గోడమీద ఉంది. కిటికీ పక్క అబ్బాయికి కూడా తిరిగొచ్చే దారి అదే.

మందు గురించి కొంచెం. మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నాను. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు కాస్త ఎక్కువసేపు పని చేసేలా చూస్తుంది. 1944లో స్విట్జర్లాండులో దాన్ని తయారు చేసినాయన, వాళ్లావిడ రీటా పేరు మీద రిటాలిన్ అని పెట్టాడు, ఇది మీకు అవసరం లేదు, గీత అవతలికి వచ్చేస్తాను. మన దేశంలో ఇది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. డాక్టరు చీటీ ఉండాలి, అన్ని మెడికల్ షాపుల్లోనూ దొరకదు. ఆ సంగతి తెలిసిన ఒక సహోద్యోగిని, "మత్తు బిళ్లలట కదా మేడం, పిల్లల మధ్య ఎట్టా?" అంది. మత్తు లేదు. ఆకలి తగ్గుతుంది, మొదట్లో నిద్ర చెడింది, బీపీ, నాడి చూపించుకుంటూ ఉండాలి. ఈ మందు పడనివాళ్లకు అటామాక్సెటిన్ లాంటి వేరే మందులు ఉన్నాయి.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. కానీ బిళ్ల మింగితే లెసన్ ప్లాన్ దానంతటదే రాసుకోదు. మొదలుపెట్టడం కొంచెం తేలికవుతుంది, ఏది మొదలుపెట్టాలో అది చెప్పదు. నేను వాడేది దాదాపు నాలుగు గంటలే పని చేస్తుంది. బస్సెక్కే ముందు వేసుకుంటే మధ్యాహ్న భోజనం వేళకు దిగిపోతుంది. నా లీజర్ పీరియడ్ ఇన్నాళ్లూ చివర్లో ఉండేది, ఆ వేళలో పేపర్ల కట్ట ముందు పెట్టుకుని కూర్చోవడం తప్ప దిద్దిందేమీ లేదు. దాన్ని మూడో పీరియడ్‌కు మార్చమని హెచ్‌ఎం గారిని అడిగాను. కారణం కూడా చెప్పాను. ఆయన కాసేపు చూసి, "దీనికి సర్టిఫికెట్ ఏమన్నా ఉంటదా అమ్మా?" అన్నారు.

అది వెటకారం కాదు, నిజంగానే అడిగారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉంది, మానసిక రుగ్మత ఉంది. ఏడీహెచ్‌డీ తన పేరుతో లేదు. నా దగ్గర డాక్టరు రాసిన కాగితం ఉంది, అది నాకేం కావాలో చెబుతుంది, ఎవరూ ఇచ్చి తీరాలని చెప్పదు. హెచ్‌ఎం గారు పీరియడ్ మార్చారు. మంచాయన కాబట్టి మార్చారు. ఆయన కాదన్నా నేను చేయగలిగింది ఏమీ లేదు.

నేను అడిగేవి ఖర్చులేనివి. పని నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వండి. గడువు వారం తర్వాత ఒక్కసారి కాకుండా మధ్యలో రెండుచోట్ల పెట్టండి. అన్నింటికీ అర్జెంట్ అని రాయకండి. "మీకిస్తే అందరూ అడుగుతారు" అన్నారు కాంప్లెక్స్ మీటింగులో ఒకరు. అందరికీ ఇస్తే నష్టమేమిటో ఆయన చెప్పలేదు. లెక్కల మాస్టారికి కూడా రాసిచ్చిన కాగితం పనికొస్తుంది. ఆయనకు అది సౌకర్యం, నాకు కాలు కింద నేల.

ఈలోగా మా హిందీ మేడం, నేను ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆమెకు తొమ్మిదో తరగతి బి సెక్షన్‌ను అదుపు చేయడం ప్రాణం మీదికి వస్తుంది, నాకు మార్కులు ఎక్కించడం. ఆమె పక్కన కూర్చుని అంకెలు చదువుతుంది, నేను కొడతాను. పక్కన మనిషి ఉంటే నా చేయి కదులుతుంది, కట్ట మొత్తం ఒక్క పూటలో అయిపోతుంది. బదులుగా సబ్‌స్టిట్యూషన్‌లో ఆమెకు ఆ సెక్షన్ పడితే నేను వెళ్తాను. మార్కులు సమయానికి చేరుతున్నాయి, బి సెక్షన్ గోల తగ్గింది, ఇన్‌స్పెక్షన్‌లో రెండు రిజిస్టర్లూ బాగున్నాయన్నారు.

ఆమెకు ఈ బడిలో ఎనిమిదేళ్లు నిండుతున్నాయి. అంటే వచ్చే బదిలీల్లో తప్పకుండా కదలాలి. హెచ్‌ఎం గారికి అయిదేళ్లు అంతకంటే ముందే నిండుతాయి. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదంతా మొదటినుంచీ చెప్పుకోవాలి. చెప్పాలా, చెబితే ఎంతవరకు చెప్పాలి, మందు పేరు కూడా చెప్పాలా అనేవి ఇప్పుడు నా ముందున్న ప్రశ్నలు. టైంటేబుల్ జూన్‌లో వేస్తారు.